సున్నం గోడకు సిమెంటు పూత

పాత మిల్లులోకి అడుగుపెట్టినవాళ్లు తలెత్తి కప్పు చూస్తారు. నేను గోడ దగ్గరికి వెళ్లి ఇటుకల సందులో గోరుతో గీరతాను. తెల్లటి పొడి రాలితే సున్నం, గోరు విరిగితే సిమెంటు. మరమ్మతు ఎలా చెయ్యాలో సగం అక్కడే తేలిపోతుంది.

సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది. లోపల ఉప్పు పేరుకుని ఇటుకే పొడిపొడిగా రాలుతుంది. పైకి మాత్రం కొన్నేళ్లపాటు నున్నగా, కొత్తగా కనిపిస్తుంది. యజమానికి నచ్చజెప్పలేకపోయేది అందుకే.

పల్నాడులో మరీ కష్టం. మాచర్లలో 1958 నుంచీ కేసీపీ సిమెంటు ఉంది. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలున్నాయి. రెండూ ఈ నేల సున్నపురాయి చలవే. బట్టీలో సుమారు 900 డిగ్రీల దగ్గర కాలిన రాయి బొగ్గుపులుసు వాయువును వదిలేస్తుంది. నీళ్లు పోసి చల్లార్చి గోడకెక్కించాక అదే వాయువును గాలిలోంచి తీసుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. ఆ మెల్లదనమే మేస్త్రీలకు గిట్టదు. రాయికి కొదవ లేదు. గానుగ సున్నం పాకం తెలిసిన చెయ్యే దొరకదు.

కాపాడుకోవడం మనకు చేతకాక కాదు. సాగర్ నీళ్లు ముంచకముందే నాగార్జునకొండ లోయను తవ్వి, కొన్ని కట్టడాలను విప్పి, కొండమీదా అనుపులోనూ మళ్లీ పేర్చారు. ఇక్ష్వాకుల ఇటుకకున్న మర్యాద పత్తి మిల్లు ఇటుకకు లేదు, అంతే. జిన్నింగ్ మిల్లు మూతపడితే ముందు యంత్రాలు తూకానికి పోతాయి, ఆ వెనకే దూలాలు, చివరికి స్థలం ప్లాట్లవుతుంది. వరంగల్‌లో 1934 నాటి ఆజం జాహీ మిల్లుకూ చాలావరకు అదే గతి. హైదరాబాద్ సైఫాబాద్‌లో 1903 నాటి టంకశాల మాత్రం 2022లో మ్యూజియంగా తలుపులు తెరిచింది. అది సర్కారు ఆస్తి. నరసరావుపేట వైపు మిల్లంటే అన్నదమ్ముల వాటాలు. అక్కడ మ్యూజియం మాటెత్తితే కాఫీ ఇచ్చి పంపేస్తారు.

ఫంక్షన్ హాలంటే మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంటారు. నాకందులో నామోషీ ఏమీ లేదు. నడుమ స్తంభాల అడ్డులేని పొడవాటి షెడ్డు, ఎత్తైన కప్పు, వేడీ దుమ్మూ పోవడానికి పైన వదిలిన కిటికీలు. బంతి భోజనాలకు ఇంతకన్నా ఏం కావాలి? నాకు పడనిదల్లా ఫాల్స్ సీలింగ్. కప్పును దాచేసి, పైకిటికీలు మూసేసి, ఆనక ఉక్కపోస్తోందని ఏసీలు బిగిస్తారు. నా బేరం అక్కడే మొదలవుతుంది: సీలింగ్ మానుకోండి, ఆ డబ్బుతో గోడల మీది సిమెంటు చెక్కించి సున్నం పూయిద్దాం. గోడ ఊపిరి, మన వారసత్వం అంటే ఎవరూ వినరు. మే నెల కరెంటు బిల్లు ఎంతొస్తుందో కాగితం మీద వేసి చూపిస్తే, ఆ వాటాదార్లలో ఒకరిద్దరు వింటారు.