దాక్కున్న గేదె కొమ్ములు

పలక పట్టని పిల్లలకు పుస్తకం చేయడం కష్టమైన విద్య. మూడేళ్ల పిల్ల చదవదు. వేలుపెట్టి చూపిస్తుంది, “అదేంటి?” అంటుంది, పేజీ తానే తిప్పుతానని పేచీ పెడుతుంది. కథ ఆ వేలికి అందాలి. అందుకే ఈ వయసుకి జంతువులు ఆటలాడే పుస్తకాలను మించినవి లేవని నా నమ్మకం. దాక్కోవడం, వెతకడం, దొరికిపోవడం... కథంతా బొమ్మలోనే తెలిసిపోతుంది.

తెలుగు పిల్లల కథకు తెనాలి చేసిన మేలు చిన్నది కాదు. 1947 జూలైలో నాగిరెడ్డితో కలిసి పిల్లల పత్రిక ‘చందమామ’ను తెచ్చిన చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. తేట మాట, సాగదీయని కథనం వాళ్లు పెట్టిన ఒరవడి. అయితే చందమామ చదవడం వచ్చిన పిల్లలది. అంతకంటే చిన్నవాళ్లకు బొమ్మే కథ చెప్పాలి.

మంచి బొమ్మల పుస్తకంలో జంతువుకు చొక్కా తొడిగి, బ్యాటు చేతికిచ్చి వదిలేయరు. దాని ఒంటి తీరును బట్టి ఆట ఇస్తారు. రేపల్లె వరిచేలో ఒంటికాలి మీద నిలబడే కొంగను తొక్కుడుబిళ్ల గళ్లలో దింపండి, కుంటడంలో దాన్ని ఓడించేదెవరు? కప్ప రెండు గళ్లు ఒక్క గెంతులో దాటేస్తుంది. అది దొంగాటో కాదో పిల్లలే తేల్చాలి. బాపట్ల దగ్గర సూర్యలంక ఇసుకలో పరుగుపందెం పెడితే పీత అడ్డంగా పోతుంది. దాగుడుమూతల్లో గేదె ఎక్కడ నక్కినా కొమ్ములు బయటే! నవ్వూ వస్తుంది, ఏ జీవి ఎలా ఉంటుందో మనసులో నాటుకుంటుంది.

పేజీ తిప్పడంలోనూ నేర్పు ఉంది. కుడివైపు పేజీ అంచున గడ్డివాము, దాని పక్కన కొమ్ము కొస. “ఎవరది?” అన్న ఒక్క మాట. జవాబు తర్వాతి పేజీలో. “గేదె గడ్డివాము వెనక దాక్కుంది” అని రచయిత ముందే రాసేస్తే ఆట పాడైనట్టే. చదివే అమ్మమ్మ కూడా అక్కడ ఆగాలి, పిల్ల నోరు విప్పేదాకా. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం ఇదే చూసింది: పెద్దవాళ్లు అడుగుతూ, పిల్లలచేత చెప్పిస్తూ చదివితే పిల్లలకు మాటలు బాగా వస్తాయి.

ఆటలో దొంగ మారుతుంటాడు. ఈసారి పట్టుబడ్డ కుక్కపిల్ల మళ్లీసారి పట్టుకుంటుంది. తన వంతు వచ్చేదాకా ఆగడం ఆ వయసులో ఎంత కష్టమో అంగన్‌వాడీ టీచర్లకు తెలుసు. ఓడిన జంతువును ఏడిపించి నీతి చెప్పే పుస్తకాలు మాత్రం నాకు నచ్చవు.

సికింద్రాబాదు ‘మంచి పుస్తకం’, ప్రథమ్ బుక్స్ తక్కువ ధరకే తెలుగు బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. 2015లో మొదలైన ప్రథమ్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, మన కథ మనమూ పెట్టవచ్చు. మన పీతలు, మన కొంగలు, కోతికొమ్మచ్చి ఆడే కోతులు ఇంకా చాలా రావాలి. కొన్న పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేయకండి. పిల్లల చేతికందే అరలో ఉంచండి. చిరిగితే జిగురుతో అతికించుకోవచ్చు.