పసితనము కరగుట

బాల్యము నిర్మలమనియు, వయసు మీరినకొలది ఆ నైర్మల్యము మాసిపోవుననియు పెద్దలు చెప్పుకొనుచుందురు. ఇరువదియేండ్లుగా పిల్లలతో మెలగుచున్న నాకు ఈ మాటయందు సగమే నిజము కనబడుచున్నది. పసివాడు తూనీగ తోకకు దారము కట్టి ఆడించును. అది క్రూరత్వము కాదు. దానికి నొప్పి కలుగునని వానికింకను తెలియదు. కావున పసితనము పోవుట యన్నప్పుడు పోవునదేది, వచ్చునదేది యని విచారింపవలెను.

ఈ విచారమునకు హార్పర్ లీ యను అమెరికా రచయిత్రి 1960లో ప్రకటించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ అను నవల మిక్కిలి తగియున్నది. మరుసటి యేడే దానికి పులిట్జరు బహుమానము వచ్చినది. స్థలము అలబామా రాష్ట్రములోని మేకోంబు అను కల్పిత పట్టణము. కథ 1933లో మొదలై 1935లో ముగియును. మొదట ఆరేండ్లైనను నిండని స్కౌటు అను బాలిక, నాలుగేండ్లు పెద్దవాడైన అన్న జెమ్ము, వకీలైన తండ్రి ఆటికస్సు. చేయని నేరము మోపబడిన టాం రాబిన్సను అను నల్లజాతివాని పక్షమున తండ్రి వాదించును. శ్వేతజాతి జూరీవారు అతనిని దోషియనియే తేల్చుదురు. చదువరులు ఈ విచారణనే మెచ్చుకొందురు. నాకు మాత్రము దాని చుట్టునున్న చిన్న ఘట్టములే పెద్దవిగా తోచినవి.

ప్రతిపక్షపు వకీలు టామును హేళనగా ప్రశ్నించుట చూచి డిల్లు అను బాలుడు వెక్కివెక్కి యేడ్చును. స్కౌటుకు ఆ యేడ్పు వింత. వకీళ్లట్లే అడుగుదురని యామె సర్దిచెప్పును. పైగా అతని జాతి నెత్తి తేలికచేయును. ఆమె దుర్మార్గురాలు కాదు. ఊరి గాలి అప్పుడే సోకినది. ఈ బాలుడును పెద్దవాడైనపుడు ఏడువడని బయటనున్న రేమండు అను పెద్దమనిషి చెప్పును. మనము నాగరకత యని పిలుచుదానిలో ఎంత భాగము ఇట్లు ఎండిన కన్నీరో!

తీర్పునకు జెమ్ము కుమిలిపోవును. కొన్నాళ్లకు ఒక రాత్రి స్కౌటు, ముట్టగానే ఉండచుట్టుకొను చిన్నపురుగు నొకదానిని నలుపబోగా, అతడు వారించును. అది ఎవరికి నేమి చేసినదని అతని భావము. రచయిత్రి ఇచ్చట వ్యాఖ్యానమేమియు చేయదు. క్రౌంచపక్షి నేలగూలుట చూచిన వాల్మీకి శోకము శ్లోకమైనదని మనము పిల్లలకు చెప్పుచుందుము. ఈ బాలుని శోకము చెల్లెలి చేతిని ఆపుటయైనది. మన ఆలంకారికులు సహృదయుడనుట ఇట్టివానినే గదా! డిల్లు కన్నీరు నేర్వనిది, జెమ్ము దయ నేర్చినది. నేర్చినదే నిలుచునని నా నమ్మకము.

గృహిణులు తప్పక చదువవలసిన ప్రకరణము మరియొకటి కలదు. ఆ యూరి స్త్రీలు సభ కూడి, దూరదేశపు ఆఫ్రికా తెగవారి కష్టములను తలచి కంటనీరు పెట్టుకొందురు. ఆ నోటనే తమ వంటయిండ్లలోని నల్లజాతి సేవకురాండ్రు తీర్పు తరువాత ముఖము ముడుచుకొని యున్నారని విసుగుకొందురు. టాము కాల్చబడి చచ్చెనను వార్త అప్పుడే వచ్చును. స్కౌటు ఫలహారపు పళ్లెము పట్టుకొని మరల ఆ స్త్రీల నడుమకు పోవును. మన సంస్కార సభలలోని ఉపన్యాసములును, ఇంటి పనిమనిషికి వేరుగా నుంచిన గ్లాసును నాకు జ్ఞప్తికి వచ్చినవి.

ఈ గ్రంథమున లోపమును కలదు. టాము బాధ జెమ్మునకు పాఠమైనది, టామునకేమైనది? అతని మనస్సులోనికి రచయిత్రి మనలను తీసికొనిపోదు. ఆ యింట పనిచేయు కల్పూర్నియా సంగతియు ఇంచుమించుగా నిట్టిదే. కథ చెప్పునది శ్వేతజాతి బాలికయని సమాధానము చెప్పవచ్చును, గాని నాకది చాలలేదు. తరగతిలో ఈ కథ చెప్పినపుడు వెనుకబల్లపై నుండి ఒక బాలుడు లేచి, “టాము పిల్లలేమైరండీ?” అని యడిగెను. టాము చావువార్త చెప్పుటకు ఆటికస్సు వారి యింటికి వచ్చినపుడు, ఒక చిన్నపిల్ల అతని వ్రేలు పట్టుకొని మెట్లు దిగినదని మాత్రము చెప్పగలిగితిని.