డ్రాగన్ చుట్టూ మేఘం

పచ్చబొట్టు అంటే మన ఇళ్లలో ఇప్పటికీ రెండే ఊహలు. అమ్మమ్మ ముంజేతి మీది చుక్కలు, లేదంటే కాలేజీ కుర్రాడు ఇంట్లో చెప్పకుండా వేయించుకొచ్చి పొడుగు చేతుల చొక్కా కింద దాచుకునే బొమ్మ. మొదటిది పాతకాలపు అలవాటనీ రెండోది పాడు అలవాటనీ తీర్పు చెప్పేసి ఊరుకుంటాం. మనిషి ఒంటి మీద సూదితో వేసే బొమ్మను మహాచిత్రకళగా నిలబెట్టినవాళ్లు ప్రపంచంలో ఉన్నారన్న సంగతి మన చెవిన పడదు. నా మటుకు నాకు వాళ్లలో జపాన్ వాళ్లను మించినవాళ్లు లేరు. పచ్చబొట్టు కళకు పేరుపడ్డ సమోవా వాళ్లూ మావోరీలూ నా మీద కోపగించుకున్నా సరే, ఈ మాట వెనక్కి తీసుకోను.

జపాన్ సంప్రదాయ పచ్చబొట్టును హొరిమోనో అంటారు. ఇరెజుమి అన్న పేరు బయట ఎక్కువగా వినిపిస్తుంది కానీ పాత పద్ధతి వాళ్లకు మొదటి పేరంటేనే గౌరవం. ఇక్కడో గులాబీ, అక్కడో పేరు, మధ్యలో ఖాళీ చర్మం అన్న పద్ధతి దీన్లో లేదు. ఒళ్లంతా కలిపి ఒకటే బొమ్మ. మెడ కింద నుంచి పిరుదులు దాటి తొడల దాకా వీపు భాగమంతా ఒకే పటం. మధ్యలో ప్రధాన పాత్ర ఉంటుంది: డ్రాగన్, జలపాతానికి ఎదురెక్కే కార్ప్ చేప, లేదా కత్తీ పాశమూ పట్టుకుని మంటల మధ్య కూర్చున్న ఫుదో మ్యో-ఓ. ఈ ఫుదో మన దేశం నుంచి బౌద్ధంతో పాటు వెళ్లిన అచలుడే. ఆ దేవుడి మోకాలు ఎక్కడ రావాలి, డ్రాగన్ తల ఏ భుజం మీదికి వాలాలి, వేయించుకున్న మనిషి చెయ్యెత్తినప్పుడు రెక్క ఎముక మీది దాని గోళ్లు విచ్చుకోవాలా ముడుచుకోవాలా, ఇవన్నీ మొదటి గీత పడకముందే గురువు మనసులో తేలిపోవాలి.

అయితే చేయి తిరిగిన పనివాడెవడో తెలుసుకోవాలంటే నేను డ్రాగన్‌ను చూడను, దాని చుట్టూ ఉన్న మేఘాన్ని చూస్తాను. గాలి, మేఘం, అల. వీటితో నిండిన నేపథ్యాన్ని గకు అంటారు. నల్లటి గాలి పట్టీలు భుజం మీదుగా తిరిగి ఛాతీ మీదికి వస్తాయి. అలలు నడుము దగ్గర లేచి తొడ మీద విరుగుతాయి. వీపు మీది కథనూ చేతుల మీది కథనూ కలిపి కుట్టేది ఈ నేపథ్యమే. ఇక బొమ్మ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మరో విద్య ఉంది, దాని పేరు మికిరి. చీరకు అంచు నేసినట్టు పచ్చబొట్టుకూ అంచు తీరుస్తారన్నమాట. పియొనీ రేకుల్లా గుండ్రంగా తిరిగితే బొతన్ మికిరి. నలుపు పలచబడుతూ పలచబడుతూ తెల్లవారుజామున చీకటి విడిపోయినట్టు చర్మంలో కలిసిపోతే అకెబొనో మికిరి. కత్తితో కోసినట్టు ఆపేస్తే బుత్సుగిరి. మంచి అకెబొనో అంచులో నలుపు ఎక్కడ అయిపోయిందో వేలు పెట్టి చూపించడం ఎవరి తరమూ కాదు.

ఛాతీ మధ్యలో పై నుంచి కింది దాకా ఒక పట్టీ మేర చర్మాన్ని ఏమీ వేయకుండా వదిలేసే పద్ధతి కూడా ఉంది. మునెవరి అంటారు. ముందు భాగం తెరుచుకుని ఉండే పొట్టి అంగీ వేసుకుంటే లోపల ఇంత బొమ్మ ఉన్నట్టు ఎవరికీ తెలియదు. ఇంత కష్టపడి వేయించుకున్నది చూపించుకోవడానికి కాకుండా లోపల దాచుకోవడానికి! జపాన్‌ను షోగన్లు ఏలిన ఎడో కాలపు శ్రమజీవుల రసజ్ఞత అది. అద్దం ముందు నిలబడి ఫోన్‌లో ఫొటో తీసుకునే మన కాలానికి ఆ నిండుతనం అర్థం కావడం కష్టం.

ఏ బొమ్మ పక్కన ఏది రావాలన్నదానికీ నియమాలున్నాయి. సింహానికి పియొనీ, పులికి వెదురు, ఎదురీదే చేపకు నీళ్లలో రాలిన ఎర్రటి మేపుల్ ఆకులు. మేపుల్ ఆకు శరత్తుది, చెర్రీ పువ్వు వసంతానిది. ఈ రెంటినీ కారణం లేకుండా ఒకే వీపు మీద కలిపితే తెలిసినవాళ్లు మొహం తిప్పుకుంటారు. ఋతువు తప్పిన పద్యం ఎంత తప్పో అదీ అంతే.

చేత్తో పొడిచే పద్ధతిని తెబొరి అంటారు. ఒక టాటూ ప్రదర్శనలో దగ్గర కూర్చుని చూసే అదృష్టం నాకు కలిగింది. అరచేతిని దాటి పొడుగుండే పుల్ల, పూర్వం వెదురుది, ఇప్పుడు ఎక్కువగా లోహానిది. దాని పేరు నొమి. కొసన సూదులు వరసగా బిగించి ఉంటాయి. గీతకైతే కొన్నే, నీడకైతే గుత్తులు గుత్తులుగా. పనివాడు ఎడమచేతి బొటనవేలితో, చూపుడువేలితో చర్మాన్ని సాగదీసి పట్టుకుంటాడు. సిరా అద్దిన కుంచె కూడా ఆ ఎడమచేతి వేళ్ల సందునే ఉంటుంది. కుడిచేతిలోని పుల్లను ఎడమ బొటనవేలి మీద ఆనించి, ఏటవాలుగా లోపలికి గుచ్చి, తీసేటప్పుడు పైకి చిన్న విదిలింపు ఇస్తాడు. ఆ విదిలింపుతో చర్మం చిటుక్కుమంటుంది. సెకనులో ఎన్నోసార్లు ఒకే లయలో చిటుకు చిటుకు చిటుకు. గదిలో ఇంకే శబ్దమూ లేదు. సూది దిగేది ఒక మిల్లీమీటరు, మహా అయితే రెండు. తక్కువైతే రంగు నిలవదు, ఎక్కువైతే సిరా చెదిరి మరకవుతుంది. కొలిచే సాధనమేదీ లేదు, వేళ్లకు తెలియాలంతే.

బయటి గీతలు సుజిబొరి. ఆ తర్వాత వచ్చే నీడలు బొకాషి. చిక్కటి నలుపు నుంచి ఒట్టి చర్మం దాకా ఎక్కడా మెట్టు కనపడకుండా దించడమే బొకాషి. దీన్లో చేతిపనికి మెషిన్ సాటి రాదని నా గట్టి నమ్మకం. చేత్తో దించిన నలుపులో లోతుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ మరింత నిండుగా కనిపిస్తుంది. నల్లసిరా చర్మం కింద నీలి ఆకుపచ్చగా తేలడం మన అమ్మమ్మల చేతుల మీద మనం చూసిందే. పాతరోజుల్లో ఎరుపు వేయించుకుంటే జ్వరాలొచ్చేవని, అందుకే వీపు నిండా ఎరుపున్నవాడిని మొనగాడిగా చూసేవారని చెప్పుకుంటారు. వారానికోసారి గంటో రెండు గంటలో కూర్చుంటూ పోతే ఒళ్లంతా నిండడానికి ఏళ్లు పడుతుంది.

చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. ఎడో కాలంలో ఒకపక్క దొంగలకు శిక్షగా చేతి మీదా నుదుటి మీదా గుర్తులు పొడిచేవారు. మరోపక్క 1827 నుంచి ఉతగవా కునియోషి అనే మహానుభావుడు సుయికోదెన్ కథలోని 108 మంది వీరుల్ని చెక్క అచ్చు చిత్రాలుగా వేయడం మొదలుపెట్టాడు. వాళ్లలో కొందరి ఒంటి నిండా పచ్చబొట్లు. తొమ్మిది డ్రాగన్ల షిషిన్‌ను చూసి ఊరంతా ఊగిపోయింది. నిప్పుతో పోరాడే అగ్నిమాపక దళాలవాళ్లు నీటికి అధిపతి కదా అని డ్రాగన్‌ను వీపున మోశారు. ఎడో కాలం పోయాక వచ్చిన మెయిజీ ప్రభుత్వం 1872లో పాశ్చాత్యులు అనాగరికులంటారేమోనన్న భయంతో పచ్చబొట్టును నిషేధించింది. ఆ పాశ్చాత్యులేమో ఓడ దిగి మరీ వేయించుకున్నారు! 1881లో వచ్చిన బ్రిటిష్ రాకుమారుడు, తర్వాత ఐదో జార్జి అయినవాడు, చేతి మీద డ్రాగన్‌తో వెళ్లాడు. 1891లో రష్యా యువరాజు నికొలస్ కూడా అంతే. నిషేధం 1948 దాకా ఉంది. అన్నేళ్లు చాటుమాటుగా బతికిన కళ ఇది.

టోక్యోలో ఫుకుషి మసాఇచి అనే పాథాలజీ డాక్టరుండేవాడు. డబ్బుల్లేక సగంలో ఆగిపోయినవాళ్లకు తన జేబులోంచి ఇచ్చి బొమ్మ పూర్తి చేయించేవాడు. వాళ్లు పోయాక ఆ చర్మాన్ని భద్రపరచడానికి ఒప్పందం. ఆ సేకరణ టోక్యో విశ్వవిద్యాలయంలో ఉంది. వినడానికి ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. కానీ కాన్వాసు మనిషితో పాటు కాలిపోయే ఈ కళకు అంతగా పరితపించిన మనిషి మరొకడు లేడు.

ఇక ఈ కాలపు పచ్చబొట్టు గురువు హొరియోషి 3. అసలు పేరు నకానో యోషిహితో. 1946లో షిజుఒకా ప్రాంతంలో పుట్టాడు. చిన్నప్పుడు ఊరి స్నానశాలలో ఒంటి నిండా పచ్చబొట్లున్న మనిషిని చూసి మతి పోగొట్టుకున్నాడట. యోకొహామాలో మురమత్సు యోషిత్సుగు అనే గురువును వెతుక్కుంటూ వెళ్లి పాతికేళ్ల వయసులో శిష్యుడయ్యాడు. ఆయన చేతే హొరియోషి అన్న బిరుదు అందుకున్నాడు. సుయికోదెన్ వీరుల్నీ పిశాచాల్నీ దయ్యాల్నీ పుస్తకాలకు పుస్తకాలు గీశాడు. ఆ గీతలు చూస్తే సూది పట్టిన చేతిలో ఎక్కువ బలముందో, కుంచె పట్టిన చేతిలో ఎక్కువ బలముందో తేల్చుకోలేం. 2000లో యోకొహామాలో పచ్చబొట్టు మ్యూజియం పెట్టాడు. బయటి గీతలకు మెషిన్ పట్టాడు, నీడలు మాత్రం చేత్తోనే వేశాడు. మెషిన్ అభిమానులు దీన్ని పట్టుకుని వాదనకొస్తారు. రండి. ప్రాణం నీడలో ఉంది, ఆ నీడను ఆయన మెషిన్‌కు అప్పగించలేదు.

పిల్లవాడు ఈ దారిలో వెళ్తానంటే కంగారుపడే తల్లిదండ్రులకు ఎడ్ హార్డీ సంగతి చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో అచ్చు చిత్రకళ చదివిన అమెరికన్. యేల్ విశ్వవిద్యాలయం ఫెలోషిప్ ఇచ్చి పై చదువుకు రమ్మంటే, వద్దని పచ్చబొట్టు సూది పట్టాడు. 1973లో గిఫు పట్టణానికి వెళ్లి హొరిహిదే అనే గురువు దగ్గర పనిచేశాడు. 2000లో, డ్రాగన్ సంవత్సరమని, 4 అడుగుల వెడల్పూ 500 అడుగుల పొడవూ ఉన్న కాగితం చుట్ట మీద 2000 డ్రాగన్లు వేశాడు. 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియం ఆయన పనినంతా ప్రదర్శనగా పెట్టింది. అక్కడికి దగ్గరలోని శాన్ హోజేలో, హొరియోషి 3 దగ్గర శిష్యరికం చేసి హొరితాకా అన్న పేరుతో పనిచేసిన కళాకారుడు దుకాణం పెట్టాడు. ఆ చుట్టుపక్కల వేలమంది తెలుగువాళ్లున్నారు. ఎంతమంది ఆ గుమ్మం ముందు ఆగి చూశారో మరి!

ఈ వృత్తి కళే అని కోర్టు చేత చెప్పించినవాడు కూడా ఒకడున్నాడు, ఒసాకాకు చెందిన మసుదా తైకి. డాక్టరు లైసెన్సు లేకుండా సూది గుచ్చడం వైద్యచట్టం ప్రకారం నేరమని 2015లో అతనికి 3 లక్షల యెన్‌ల జరిమానా వేశారు. కట్టేస్తే పోయేది. కట్టలేదు, కోర్టుకెక్కాడు. కింది కోర్టులో ఓడాడు, 2018లో పై కోర్టులో గెలిచాడు. 2020 సెప్టెంబరు 16న సుప్రీంకోర్టు ఆ గెలుపును ఖాయం చేసింది. పచ్చబొట్టు వైద్యం కాదనీ, దానికి కావలసింది వైద్యానికి భిన్నమైన కళానైపుణ్యమనీ తేల్చింది. ఆ తీర్పు వల్ల ఎన్ని వందల చేతులు దొంగచాటు బతుకు నుంచి బయటపడ్డాయో!

ఇంత జరిగినా చాలా స్నానశాలల గుమ్మాల దగ్గర పచ్చబొట్లున్నవాళ్లకు ప్రవేశం లేదనే బోర్డు అలాగే ఉంది. యాకుజా ముఠాలవాళ్లు వేయించుకుంటారు కాబట్టి వేయించుకున్నవాళ్లందరూ ముఠావాళ్లేనట! 2013లో హొక్కైడోలో మొహం మీద మావోరీల సంప్రదాయ పచ్చబొట్టు మొకో ఉన్న ఒక పెద్దావిడను ఇలాగే బయటికి పంపారు. సొంత భాషను కాపాడుకోవడం గురించిన సదస్సుకు వచ్చిన అతిథి ఆవిడ. తమ గొప్ప కళను తామే వెలివేసుకునే జాతిని ఏమనాలి?

నకిలీల సంగతి తలచుకుంటే కడుపు మండుతుంది. జపనీస్ స్లీవ్ అని బోర్డు పెట్టి, ఇంటర్నెట్‌లో దొరికిన నాలుగు బొమ్మలు ప్రింటు తీసి, చేతి మీద అంటించి, మధ్య ఖాళీల్లో బూడిదరంగు పులుముతారు. దాన్ని మేఘమంటారు! గాలి ఎటు వీస్తోందో తెలియదు, అల ఎక్కడ పుట్టిందో తెలియదు. మన హైదరాబాదులో, విజయవాడలో కూడా ఇదే వ్యాపారం. ఇంకా దారుణం జాతరల్లో నేల మీద కూర్చోబెట్టి, ఒకరికి గుచ్చిన సూదినే మరొకరికి గుచ్చి పంపడం. కామెర్ల వైరస్‌లు, హెచ్‌ఐవీ అంటుకునే ప్రమాదం అది, కళ పేరెత్తడానికి కూడా వీల్లేదు. మన నగరాల్లో చక్కటి చేయి ఉన్న కుర్రాళ్లూ అమ్మాయిలూ ఉన్నారు, నాకు తెలుసు. వాళ్లకు లేనిది గురువు. యోకొహామాలో శిష్యుడు ముందు గది ఊడుస్తాడు, సూదులు కడతాడు, ఏళ్ల తరబడి గురువు బొమ్మల్ని మళ్లీ మళ్లీ గీస్తాడు, మొదట తన తొడ మీదే పొడుచుకుని నేర్చుకుంటాడు. మన దగ్గర కొన్ని వారాల కోర్సు చేసి దుకాణం తెరుస్తారు.

బాబూ, అమ్మాయీ, ఈ పని ఎంచుకుంటే సంతోషం, కానీ మెషిన్ కొనడానికి ముందు ఒక వీపు నిండా మేఘాలు గీయండి. కాగితం మీదే. డ్రాగన్ లేకుండా ఒట్టి మేఘాలు. అవి కదిలేదాకా గీయండి. ఆ తర్వాత పక్కనే ఉన్న సంపదను చూడండి. ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచిన ఎరుకల ఆడవాళ్లున్నారు. ఆదిలాబాద్‌లో గోండు స్త్రీలకు పొడిచిన తోటి తెగ ఆడవాళ్లున్నారు. వాళ్లకు బిరుదుల్లేవు, మ్యూజియం లేదు, కోర్టు తీర్పు లేదు. బిహార్‌లో దళిత స్త్రీలు ఒంటి మీది గోద్నా గుర్తుల్ని కాగితం మీదికి తెచ్చారు. ఆ పద్ధతిలో బొమ్మలు వేసే శాంతీదేవి పాస్వాన్, శివన్ పాస్వాన్ దంపతులకు 2024లో పద్మశ్రీ వచ్చింది. మన వైపు ఆ పని ఎవరు చేస్తారు? పొడిచినవాళ్లూ పొడిపించుకున్నవాళ్లూ ఇద్దరూ ముసలివాళ్లయిపోయారు. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక పుస్తకం, పెన్సిలు పట్టుకెళ్లండి. ఆ పెద్దావిడ దగ్గర కూర్చుని, అనుమతి అడిగి, ముంజేతి మీదిదీ కాలి పిక్క మీదిదీ చుక్క చుక్కా కొలిచి దించుకోండి. ఏది ముందు పొడిచారో, ఎవరు పొడిచారో, ఏ వయసులోనో, ఆ గుర్తును ఏమని పిలుస్తారో అడిగి పక్కనే రాసుకోండి.