గడియారం లేని చార్మినార్

చార్మినార్ పాత ఫొటో ఏదైనా చేతికొస్తే ముందు కమానుల పైభాగం చూడండి. అక్కడ గడియారం ఉందా, లేదా? ఆ గడియారాలు పెట్టింది 1889లో. కాబట్టి గడియారం లేకపోతే ఫొటో అంతకన్నా పాతది, ఇక వాదన లేదు. తర్వాత ఎండ ఎటు పడుతోందో చూడండి. చార్మినార్ నాలుగు ముఖాలూ నాలుగు దిక్కులకు ఉంటాయి. చార్‌కమాన్ వైపు నుంచి, అంటే ఉత్తరాన నిలబడి తీసిన ఫొటోలో మన ఎడమచేతి పక్క తూర్పు. మినార్లకు ఆ పక్క ఎండ తగులుతోందంటే తీసింది పొద్దున. కుడిపక్క తగులుతోందంటే సాయంత్రం. ఇక అదే ఫొటోలో వెనకాల మక్కా మసీదు కనబడితే అది కుడివైపే ఉండాలి. ఎడమవైపు ఉందంటే ఎవరో నెగెటివ్‌ను తిరగేసి ముద్రించారన్నమాట. దుకాణాల బోర్డుల మీద ఉర్దూ అక్షరాలు చూస్తే ఆ సంగతి ఖాయమైపోతుంది.

పాత పటాలు, పాత ఫొటోలు, పెద్దవాళ్ల చిన్ననాటి జ్ఞాపకాలు కలిపి ఒక ఊరి చరిత్రను తవ్వితీసే విద్యలో ఇది మొదటి మెట్టు. ఈ విద్యకు బడి లేదు, పట్టా లేదు. భూతద్దం, ఓపిక, వినే చెవి ఉంటే చాలు. శాసనాలు చదివేవాళ్లకు, నాణేలు పోగేసేవాళ్లకు ఉన్న మర్యాద వీళ్లకు లేదు. నా లెక్కలో మాత్రం ఊరి చరిత్రకు ఇంతకంటే నమ్మకమైన దారి లేదు.

ఫొటోల మాటొస్తే రాజా దీన్‌దయాళ్‌ను తలచుకోకుండా అడుగు ముందుకు పడదు. మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టినవాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో చేరి, 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతిలో పెట్టాడు. ఆ రోజుల్లో ఆ ఆలోచన రావడమే గొప్ప! ఆయన పనితనం అంతా గాజు నెగెటివ్ పలకల్లో ఉంది. పెద్ద పలక మీద పడిన బొమ్మను భూతద్దంతో చూస్తుంటే లోపలికి వెళ్లేకొద్దీ కొత్త సంగతులు కనిపిస్తాయి. వేట ఫొటోలో నవాబుల్ని అందరూ చూస్తారు. పక్కన గుర్రం పగ్గం పట్టుకున్న మనిషి తలపాగా చుట్టు, వెనకాల డేరా తాళ్లు కట్టిన తీరు, మూలన ఎండబెట్టిన బట్టలు చూడండి. చరిత్ర అక్కడుంటుంది. ఆయన పలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి కాబట్టి బతికాయి. అలా చేరని స్టూడియోల పలకలు ఎన్ని పాత సామాన్ల బండి ఎక్కాయో!

పటాల విషయంలో నా పక్షపాతం దాచుకోను. హైదరాబాద్ వరకు లియోనార్డ్ మన్ పటాలకు సాటి లేదు. ఆయన భూగర్భ శాస్త్రవేత్త. నిజాం ప్రభుత్వంలో పనిచేశాడు. ఆ పటాల విలువ తెలియాలంటే ముందు మూసీ వరదను గుర్తు చేసుకోవాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15 వేల మందిని పొట్టనబెట్టుకుంది. పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ దాన్ని తుగ్యానీ అనే అంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనీ కూతుర్నీ ఆ నీళ్లలోనే పోగొట్టుకున్నాడు. లాల్ దర్వాజా బోనాలకు, ఆ వరదకు ముడిపెట్టి ఒక కథ చెప్పుకుంటారు. నిజాం స్వయంగా మూసీకి పసుపు కుంకుమలు సమర్పించాడని ఇంకో కథ. వరద తర్వాత విశ్వేశ్వరయ్య వచ్చాడు. ఆయన సలహాతోనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఇవన్నీ అందరికీ తెలిసిన సంగతులే.

ఎక్కువమందికి తెలియనిది మన్ పని. వరద తర్వాత, 1910ల తొలి భాగంలో, ఆయన మనుషులు గొలుసు పట్టుకుని ఈ నగరాన్ని గల్లీ గల్లీగా కొలిచారు. ఇంటి ఆకారం, ఇంటి మధ్య ముంగిలి, బావి, గుడి, మసీదు, తోట, నగరం చుట్టూ కోటగోడ, దానికి దర్వాజాలు, అన్నీ పటానికెక్కించారు. ఆ సమయం ఎంత విలువైందో గమనించండి. పాత నగరం సగం కొట్టుకుపోయి, కొత్త నగరం ఇంకా లేవని రోజులవి. ఆ పటంలో మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి లేదు, హైకోర్టు లేదు. మొజంజాహీ మార్కెట్ ఊసే లేదు. అది 1935లో వచ్చింది. కానీ అఫ్జల్ దర్వాజా నిలబడి ఉంది. మరికొన్ని దర్వాజాలూ ఉన్నాయి. ఇప్పుడు వెతికితే మిగిలింది పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మాత్రమే. పడగొట్టేముందు నగరాన్ని ఇంత శ్రద్ధగా కాగితం మీద నిలబెట్టిన ఆ సర్వేయర్లకు, గొలుసు లాగిన కూలీలకు చేతులెత్తి దండం పెట్టాలి. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

ఆ పటాన్ని ఇప్పటి పటం మీద పరిచి చూడటం ఒక కళ. కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి వేసేస్తే అయిపోతుందనుకుంటారు. ముందు కదలనివాటిని పట్టుకోవాలి. చార్మినార్, చార్‌కమాన్ నాలుగు తోరణాలు, మక్కా మసీదు, బాద్‌షాహీ ఆశుర్‌ఖానా, 1578 నాటి పురానాపూల్, ఇలాంటివి. రోడ్డు అంచును నమ్ముకుంటే మునిగిపోయినట్టే, ఎందుకంటే వెడల్పు చేసినప్పుడల్లా అది జరుగుతూనే ఉంటుంది. దర్గాలు, శ్మశానాలు, పాత గుళ్లు సాధారణంగా జరగవు. గుర్తులన్నీ ఒకే మూలన పెట్టుకోకూడదు, నాలుగు వైపులా ఉండాలి. అప్పుడు పటం సర్దుకుంటుంది. సర్దుకోని చోటే అసలు పని మొదలవుతుంది. ఈ గల్లీ ఇక్కడ ఎందుకు వంకర తిరిగింది? ఇక్కడ ఇన్ని అడుగులు ఎవరు మింగారు? మాసబ్‌ట్యాంక్‌లో బస్సు దిగేవాడు ఒక్క క్షణం ఆగి తన కాళ్ల కింద చెరువుండేదని తలచుకుంటాడా? పాత పటం చూసినవాడు తలచుకోకుండా ఉండలేడు.

అయితే పటం అన్నీ చెప్పదు. లాల్ దర్వాజాలో ఒక ఇంటివాళ్ల దగ్గర పెళ్లి ఫొటో ఒకటి చూశాను. నలుపు తెలుపు, పోస్టుకార్డంత సైజు, అంచులు రంపంపళ్లలా కత్తిరించి ఉన్నాయి. పెళ్లికూతురు వెనక చేదబావి, గిలక. ఆ గిలక పక్క నుంచే గోడ ఒకటి బావి గట్టు మీదికెక్కి అటు దాటిపోయింది. పటంలో ఆ ఇంటి చోటు వెతికితే బావి గుర్తుగా చిన్న వలయం ఉంది. గోడ గీత ఆ వలయాన్ని నడిమికి కోసుకుంటూ పోయింది. ఎందుకలా? పటం చెప్పలేదు, ఫొటో చెప్పలేదు. ఆ ఇంటి అవ్వను అడిగితే ఒక్క ముక్కలో తేల్చేసింది. "గది మా ఒక్కళ్ల బాయి గాదు బిడ్డా. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నరు, బాయిని యెట్ల పంచుకుంటరు? గోడ దాని మీదికెళ్లే లేపిండ్రు. ఇటు మేం తోడుకుంటిమి, అటు వాళ్లు తోడుకుంటుండ్రి. ఎండకాలం చేదలు రెండూ కొట్టుకుంటుండె." ఇప్పుడా బావి లేదు. దాని మీద మూడంతస్తుల ఇల్లుంది. పంపకాల కాగితాల్లో ఎంత వెతికినా ఆ చేదల చప్పుడు దొరకదు.

కాగితం మీద ఉంటేనే చరిత్ర, మిగతావి ముసలివాళ్ల ముచ్చట్లు అనేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. అడగడం చేతకాక అలా అంటారు. పెద్దవాళ్లను "అది ఏ సంవత్సరం?" అని అడగకూడదు. పోలీస్ యాక్షన్‌కు ముందా తర్వాతా, నీ పెళ్లికి ముందా, పెద్దోడు పుట్టాకా అని అడగాలి. కోటల గురించి, నవాబుల గురించి అడిగితే ఎక్కడో విన్నదే చెబుతారు. "ఇంటి నుంచి బడికి ఎటు పోయేదానివి?" అని అడగండి. మలుపు మలుపుకూ ఎవరి దుకాణం, ఏ చెట్టు, ఏ కుక్క భయపెట్టేది, ఎక్కడ వాన నీళ్లు నిలిచేవి, అన్నీ వరసగా వస్తాయి. చిన్నప్పుడు చూసినవి కొలతలో పెద్దవవుతాయి, అది సహజం. మైదానమన్నది ముంగిలై ఉండొచ్చు. వరస మాత్రం తప్పదు. ఏది దాటాక ఏదొస్తుందో పసివాళ్ల కాళ్లకు గుర్తుంటుంది. ఆ వరసను పటం మీద పెట్టి చూస్తే అక్షరం పొల్లుపోదు. పరవస్తు లోకేశ్వర్ గారు "సలాం హైదరాబాద్"లో, "షహర్‌నామా"లో చేసిన పని ఈ కోవలోదే. పాతబస్తీ గల్లీని మనిషి కళ్లతో, కాళ్లతో గుర్తుపెట్టుకుని రాసిన ఆ పుస్తకాలు నాకు ఏ గెజిటీర్ కన్నా ఎక్కువ.

ఇదేదో పట్నం వ్యవహారం అనుకోవద్దు. మెకంజీ దొర కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరూ తిరిగి కరణాలను, పెద్దలను అడిగి సేకరించిన కైఫీయతులు ఈ దారికి మూలం. రెండు వందల ఏళ్లు దాటినా అలాంటి పని మళ్లీ జరగలేదు. మీ ఊరి నక్ష చూడండి. టిప్పన్లు చూడండి. బండ్లబాట ఎటు పోయేదో, కుంట శిఖం ఎంతవరకుండేదో గీసి ఉంటుంది. ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్లు పాతి ఉంటే, ఆ గీతకున్న బలం ఏమిటో మీకే అర్థమవుతుంది.

ఇక ఊరే లేనివాళ్ల సంగతి ఏమిటి? శ్రీశైలం జలాశయం కింద కృష్ణా, తుంగభద్రల ఒడ్డు ఊళ్లెన్నో మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. నీళ్లు దిగినప్పుడు బయటపడే ఇంకో సంగమేశ్వరం నంద్యాల జిల్లాలో ఉంది. గుడిని తరలించారు గానీ గుడి ముందు రచ్చబండను, చాకిరేవును, చింతతోపును ఎవరు తరలిస్తారు? ఆ ఊళ్లకు మిగిలింది పాత సర్వే పటం, పెట్టె అడుగున నాలుగు ఫొటోలు, ఆ వీధుల్లో ఆడుకుని ఇప్పుడు అరవైలు, డెబ్భైలు దాటినవాళ్లు. ఆ తరం పోయాక అక్కడి వీధి పేరు చెప్పడానికి లోకంలో ఒక్కరూ ఉండరు. ఇది తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

ఇలాంటి సమయంలో మన ఫోన్లలోకి వచ్చిపడే చెత్త చూస్తుంటే ఒళ్లు మండుతుంది. గడియారం లేని చార్మినార్ కింద "1908" అని రాస్తారు! ఏ దేశంలోదో వరద ఫొటో తెచ్చి "మూసీ తుగ్యానీ, అరుదైన చిత్రం" అంటారు. నలుపు తెలుపు ఫొటోకు రంగులద్దుతారు. ఆ చీర రంగు వీళ్లకు ఎవరు చెప్పారు? ఆ గోడకు సున్నమా, జేగురా? ఇప్పుడు ఇంకో దరిద్రం, కృత్రిమ మేధతో పాత హైదరాబాద్ వీధులు పుట్టిస్తున్నారు. అందులో మినార్లు ఉంటాయి, జట్కాలు ఉంటాయి, బంగారు ఎండ ఉంటుంది. బోర్డు మీద అక్షరాలు మాత్రం ఏ భాషవీ కావు. నిజమైన ఫొటోలో అలా ఉండదు, ప్రతి మరకకూ ఒక కారణం ఉంటుంది. వేల మంది ఆ పుట్టించిన బొమ్మను చూసి "ఆ రోజులే వేరు" అని నిట్టూరుస్తారు. ఏ రోజులు? లేని వీధి అది! దాన్ని చూసి పెరిగిన పిల్లవాడికి రేపు అసలు ఫొటో చూపిస్తే, మురికిగా ఉందని పక్కన పెడతాడు. ఇక ముత్యాలు, బిర్యానీ, నవాబుల విందులు తప్ప ఈ నగరంలో మనుషులే లేనట్టు అచ్చేసే నున్నటి కాగితపు పుస్తకాల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

అందుకే అడుగుతున్నాను. మీ ఇంట్లో పాత ఫొటోలుంటే ఈ ఆదివారం కిందికి దించండి. జిగురు పేజీల ఆల్బంలో ఉన్నవాటిని జాగ్రత్తగా బయటికి తీయండి, ఆ జిగురు బొమ్మను తినేస్తుంది. ఫొటో వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో ఎవరు, ఎక్కడ, ఏ దిక్కు ముఖంగా అని రాయండి. పెన్ను వద్దు, సిరా ముందు వైపుకు ఊరుతుంది. పెళ్లికొడుకు పేరు అందరికీ తెలుసు, వెనక ఉన్న దుకాణం ఎవరిదో రాయండి. మసకబారిందని, అందులో మనవాళ్లు లేరని ఏదీ పారేయకండి. అమెరికాలో ఉన్న పిల్లలు తీసుకుపోయిన ఆల్బంలుంటే రెండువైపులా స్కాన్ చేసి పంపమనండి. ముందు వైపు ఒక్కటే పంపితే సగం పోయినట్టే. నగరపాలక సంస్థను కూడా ఒకటి అడుగుతున్నాను. పాతబస్తీ బళ్లలో, వార్డు ఆఫీసుల్లో ఆ వార్డుకు సంబంధించిన మన్ పటం కాగితాన్ని అసలు కొలతలో అచ్చువేసి గోడకు పెట్టండి. పెద్ద ఖర్చేమీ కాదు. పక్కన ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిల్ ఉంచండి. పింఛను పని మీద వచ్చిన అవ్వలు, తాతలు ఊరికే కూర్చోరు. "మా బాయి గిక్కడుండె" అని వేలు పెట్టి చూపిస్తారు. అది రాసుకునే మనిషి ఒకడు అక్కడుండాలి.