తెలుఁగు భీకరచిత్రములలో రాక్షసవాక్కు

1998 వ సంవత్సరమున సైబర్ టవర్సు అను సౌధము వెలసినది మొదలు హైదరాబాదున మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు కంప్యూటరు విద్యకు నెలవులైనవి. పగలెల్ల నాంగ్లమునఁ బనిచేయు నచ్చటి యువజనులు రాత్రివేళ మల్టీప్లెక్సులయందును, ఇండ్లలోని తెరలమీఁదను బ్రీతితోఁ జూచు చిత్రములలో రక్తపిశాచముల కథలు, వృకమానవుల కథలు, చచ్చి లేచి తిరుగు పీనుఁగుల కథలు నున్నవి. ఇది కేవలము పరదేశవ్యామోహమని త్రోసివేయు పండితులు కొందఱు కలరు. వారి మతము నాకు సమ్మతము గాదు. భీకరచిత్రములను మెచ్చుటలోఁ దెలుఁగు ప్రేక్షకుని రుచి వేఱు. ఆ రుచికి మూలము మన కథాసాహిత్యముననే కలదు. మనవాఁడు రాక్షసునియందుఁ గోఱలకంటె వాక్కునే యెక్కువగాఁ గోరును.

బేతాళునిఁ జూడుఁడు. శవము నావహించి చెట్టుకొమ్మను వ్రేలాడు నా భూతము విక్రమార్కుని భుజముపై నెక్కి చేయునది కథాకథనము; అడుగునది ధర్మసందేహము. పదుమూఁడవ శతాబ్దిని కేతన తెనిఁగించిన దశకుమారచరిత్రమున మిత్రగుప్తునకెదురైన బ్రహ్మరాక్షసుఁడును నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పనిచో మ్రింగుదు ననునే గాని, చూచినంతనే మ్రింగఁడు. ఆ సమాధానములే నాలుగు కథలైనవి. 1870 లో రిచర్డు బర్టను బేతాళకథల నాంగ్లమునఁ బ్రకటించుచు బేతాళుని ‘వ్యాంపైరు’ అని వ్యవహరించెను. ఇది సరిపడని పేరు. వ్యాంపైరు నెత్తురు కోరును. బేతాళుఁడు ప్రత్యుత్తరము కోరును.

పాశ్చాత్యచిత్రములయందును వాక్కు లేకపోలేదు. బ్రాం స్టోకరు 1897 లోఁ బ్రకటించిన డ్రాక్యులా నవలకు 1931 నాఁటి చిత్రరూపమున బేలా లుగోసీ విదేశీయోచ్చారణమే ప్రాణము. కాని పోనుపోను వారి భూతము మూఁగవోయినది. 1966 నాఁటి డ్రాక్యులా చిత్రమున క్రిస్టఫరు లీ యొక్కమాటయైనఁ బలుకఁడు. 1941 నాఁటి వృకమానవచిత్రమున నాయకుఁడు మనుష్యరూపమున నున్నంతవఱకే తన దుఃఖమును జెప్పుకొనఁగలఁడు. తోడేలైనంతనే మాట యుడుగును. 1968 లో జార్జి రొమేరో తీసిన చిత్రమందలి పీనుఁగులకుఁ బలుకే లేదు. అచ్చట భయకారణము కాటు, కాటువలన సంక్రమించు తెగులు. తెగులుతో వాదింప వీలులేదు. 1933 నాఁటి కింగ్‌కాంగు మూఁగదయ్యును జగత్ప్రియమైనది గదా యందురేమో. అది జంతువు, దాని ముచ్చట వేఱు.

తెలుఁగున 1951 నాఁటి పాతాళభైరవియందలి నేపాళమాంత్రికుఁడు, 1957 నాఁటి మాయాబజారునందలి ఘటోత్కచుఁడు, రెండును ఎస్.వి. రంగారావు ధరించిన పాత్రలే. రెండింటికిని మాటలు కూర్చినవాఁడు పింగళి నాగేంద్రరావే. ఒకఁడు క్రూరుఁడు, ఒకఁడు హితుఁడు. ఇరువురి మాటలును జనుల నోటఁ బలుకుబడులైనవి. ఘటోత్కచుని యాస్థానమునఁ గ్రొత్తపదములు పుట్టుట యీ పత్రికాపాఠకులకు మఱింత ప్రియము గూర్పఁదగినది.

కోడి రామకృష్ణ దర్శకత్వమున 2009 జనవరిలో వెలువడిన అరుంధతి చిత్రమును గొంచెము నిలిచి పరిశీలింపవలెను. కథాస్థలము పండితపోషణమునకుఁ బ్రఖ్యాతి గన్న గద్వాల సంస్థానము. అచ్చటి జేజమ్మ దుష్టతాంత్రికుఁడగు పశుపతిని జంపింపదు. చచ్చినచోఁ బ్రేతమై మఱింత బలియునను శంకచే సజీవముగా సమాధి చేయించును. అంతకుముం దామె కోయునది వాని నాలుకను. మంత్రోచ్చారణ మాఁగిపోవలెను గదా. వాక్కే వాని బలమని కథకునకుఁ దెలియును. తరతరములు గడచి వెలికివచ్చినవానికిఁ బ్రధానాయుధమును గంఠస్వరమే. దేహము సోనూ సూదుది. తెలుఁగు స్వరము పి. రవిశంకరుది. వేష మెంత భీకరమైనను జనులు మఱవనిది స్వరము. నాయికను వాఁడు పిలుచు ‘బొమ్మాళి’ యను సంబోధనము రవిశంకరునకే యింటిపేరువలె నంటుకొనినది.

ఇందు రసవిచారమునకుఁ దావు గలదు. నాట్యశాస్త్రము భయమను స్థాయిని స్త్రీనీచప్రకృతులకుఁ జెప్పి, వీరము నుత్తమప్రకృతి కిచ్చినది. అరుంధతి యీ విభాగమును దలక్రిందు చేసినది. భయపడిన స్త్రీయే తుదకు వీరమున కాశ్రయమైనది. జేజమ్మ ప్రాణత్యాగము చేయఁగా నామె యస్థులు శత్రుసంహారమున కాయుధమగుట దధీచివృత్తాంతమునకు స్పష్టమైన ప్రతిధ్వని. నెత్తురు చూపుటలో మితి తప్పిన ఘట్టములు కలవు. బీభత్సమునుండి భయానకము పుట్టునని భరతుఁడు చెప్పెను గాని, దానిలో మునుఁగవలెనని చెప్పలేదు.

ప్రశాంత్ వర్మ తీసిన జాంబీరెడ్డి (2021) నా వాదమునకు గట్టి పరీక్ష. నాయకుఁడును మిత్రులును గంప్యూటరు ఆటలను నిర్మించువారు. అనఁగా సైబరాబాదు ప్రేక్షకుఁడు తెరపైఁ దన్నే చూచుకొనును. వారు కర్నూలుసీమకుఁ బెండ్లికిఁ బోయి, ముఠాకక్షల నడుమఁ గఱచు పీనుఁగులకుఁ జిక్కుదురు. పీనుఁగులకు వాక్కు లేదు. ఆ లోటును దర్శకుఁడు బ్రదికినవారి మాటలతోఁ బూరించెను. భయానకము హాస్యమునకు లోఁబడినది. మూఁగభూతమును మనవారు నవ్వుతోఁ గాని స్వీకరింపలేదు.

‘జాంబీ’ యేల, ‘నడపీనుఁగు’ అనరాదా యని యడుగువా రుందురు. ఆ మాటకుఁ బ్రాణముమాత్రము మిగిలిన దుర్బలుఁడని యర్థము. చచ్చి లేచినవాఁడని కాదు. కావున నన్యదేశ్యమును నిందింపఁబని లేదు. నిందింపవలసినది, సమస్తమును ‘దెయ్యము’ అను నొక్కమాటలోఁ గలిపివేయు చిత్రరచయితల యలవాటు. ఉత్తరక్రియలు లేనిది ప్రేతము. విద్య గలిగియుఁ బాపముచేఁ బతితుఁడైన విప్రుఁడు బ్రహ్మరాక్షసుఁడు, కనుకనే ప్రశ్నించును. ఈ భేదములతోనే యెన్నియో కథలు కట్టవచ్చును. ఇఁక ‘బొమ్మాళి’ శబ్దము పసిపిల్లల నోటను వినవచ్చుచున్నది. దాని వ్యుత్పత్తిని నిఘంటుకారులు విచారింపవలసియున్నది.