వలస నేతగాడు – తెలుగు కథ

తెలుగు సాహిత్యంలో వలసకు రెండు రూపాలు ప్రధానంగా కనిపిస్తాయి. మొదటిది విలాపం. ‘కుబుసం’ (2002) చిత్రం ద్వారా ప్రచారం పొందిన గోరటి వెంకన్న పల్లెపాట కూలిపోతున్న కులవృత్తుల వేదనను ఇంటింటికీ చేర్చింది. రెండవది సముద్రాలు దాటినవారి అనుభవం. 1994లో ఏర్పడిన వంగూరి ఫౌండేషన్ ‘అమెరికా తెలుగు కథానిక’ సంపుటాలతో దానికి వేదిక కల్పించింది. ఈ రెంటి నడుమ, దేశంలోనే పరభాషా ప్రాంతానికి వెళ్లి నిలదొక్కుకున్న శ్రామికునికి దక్కిన చోటు స్వల్పం.

తపతీ తీరాన ఉన్న సూరత్ నగరమూ, అదే జిల్లా పల్సానా తాలూకాలోని జోల్వా పరిసరాలూ జౌళి పరిశ్రమకు నెలవులు. తెలంగాణ పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా సూరత్‌కు తరలి వెళ్లాయి. చేనేతను దెబ్బతీసిన మరమగ్గమే వారికి అన్నం పెట్టింది. ఈ వైపరీత్యం గొప్ప కథావస్తువు. ఊళ్లో మగ్గం ఇంటిలో భాగం. భర్త నేస్తే భార్య కండెలు చుట్టేది, పడుగు పనిలో ఇంటిల్లిపాదీ చేయి వేసేవారు. మరమగ్గాల షెడ్డులో పురుషుడు ఒంటరిగా అనేక మగ్గాలను చూసుకుంటాడు. నేసిన మీటర్లను బట్టి కూలి. స్త్రీ నైపుణ్యానికి అక్కడ చోటు తగ్గింది. కొత్త సంస్కృతికి అలవాటుపడటమంటే గుజరాతీ నేర్వడం మాత్రమే కాదు, కుటుంబంలో పని సంబంధాలు మారడం కూడా.

పేదరికం తరిమిందన్న మాట నిజమే. అయినా ఎక్కడికి వెళ్లాలి, పిల్లలను ఏ భాషలో చదివించాలి అన్నవి వారు తీసుకున్న నిర్ణయాలే. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నడిపింది. అక్కడ బతుకమ్మ ఆడేవారున్నారు. 1994 ప్లేగు భయానికీ, 2020 లాక్‌డౌన్‌కూ కార్మికులు వేల సంఖ్యలో నగరం విడిచారు. తరువాత ఎందరో తిరిగి చేరుకున్నారు. మన సాహిత్యం పల్లె విడిచిన రోజును తలచినంతగా, నగరానికి మళ్లీ వెళ్లిన రోజును తలచలేదు. మొదటి ప్రయాణానికి కారణం లేమి కావచ్చు. రెండవదానిలో తెలిసి చేసిన ఎంపిక ఉంది.

అంబల్ల జనార్దన్ ‘బొంబాయి కథలు’ ముంబయి తెలుగువారిని వస్తువుగా స్వీకరించి ఒక దారి చూపాయి. సూరత్ నేతగానికీ అటువంటి శ్రద్ధ అవసరం. జాలి చూపు అతని నష్టాన్ని పట్టుకోగలదు గాని, అతని వివేకాన్ని పట్టుకోలేదు. ఆ తరం అనుభవాలను వారి పలుకుబడిలోనే సేకరించే బాధ్యతను సాహిత్య సంస్థలు ఆలస్యం చేయకుండా స్వీకరించవలసి ఉంది.