మాత్రల లెక్క, రక్తపు లెక్క

ఒక ప్రభుత్వ పథకము ఫలించినదా లేదా యని తెలిసికొనుటకు దేనిని కొలువవలెను? మాతా శిశు సంరక్షణ విషయమున మన పథకములు సాధించినది తక్కువ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 2005-06లో నూటికి 39 ప్రసవములు మాత్రమే ఆసుపత్రులలో జరుగగా, 2019-21 నాటికి అవి 89కి పెరిగినవి. లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు 2004-06లో 254 ఉండగా 2018-20లో 97కు తగ్గినవి.

రక్తహీనత మాట వేరు. ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలను గర్భిణీ స్త్రీలకు ఇచ్చు పథకము 1970లోనే దేశమున ఆరంభమైనది. 2018లో ‘ఎనీమియా ముక్త్ భారత్’ అను పేర దానిని మరల బలపరచిరి. అయినను 100 మి.లీ. రక్తమున 11 గ్రాములకు తక్కువ హిమోగ్లోబిన్ గల గర్భిణులు 2015-16 సర్వేలో నూటికి 50 మంది, 2019-21లో 52 మంది. వ్రేలి కొననుండి తీసిన బొట్టుతో చేసిన పరీక్ష గనుక ఈ అంకెలలో దోషమున్నదని కొందరి వాదము. ఆ దోషము తీసివేసినను మిగులునది స్వల్పము కాదు.

180 రోజులైనను మాత్రలు వేసికొన్నామని చెప్పిన తల్లులు 2019-21లో నూటికి 26 మందే. మాత్ర చేతికి వచ్చుట వేరు, కడుపులోనికి పోవుట వేరు, రక్తమున చేరుట వేరు.

గర్భకాలమంతటిలో స్త్రీకి దాదాపు 1000 మి.గ్రా. ఇనుము అదనముగ కావలెను. మాత్రలో 60 మి.గ్రా. ఉన్నను చిన్నప్రేవు గ్రహించునది అందు కొద్ది భాగమే. భోజనము కాగానే టీ త్రాగినచో అందలి టానిన్లు ఇనుమును పట్టివేయును. నిమ్మ, ఉసిరి మేలు చేయును. కాల్షియము మాత్ర ఇనుము శోషణమును తగ్గించును గనుక రెంటి నడుమ రెండు గంటల యెడముండవలెను. రెండింటిని ఒకేసారి చేతబెట్టి పంపునప్పుడు ఈ మాట చెప్పుటకు ఆశా కార్యకర్తకు తీరిక ఏది? మాత్రలవలన మలము నల్లబడును. అది ప్రేవులు గ్రహింపని ఇనుము రంగే గాని జబ్బు కాదు. ఈ ఒక్క వాక్యము చెప్పువారు లేక ఎన్ని మాత్రలు గూటిలోనే ఉండిపోయినవో! ఇక కొంకిపురుగులున్నవారికి, బి12 విటమిను లోపించినవారికి ఇనుము ఒక్కటే చాలదు.

నెలవారీ నివేదికలలో 180 మాత్రలు ‘ఇయ్యబడిన’ గర్భిణుల సంఖ్య ఉండును. పరీక్షల సంఖ్యయు, 11కు తగ్గినవారి సంఖ్యయు ఉండును. ఒకే స్త్రీ రక్తము మొదటి పరీక్షకును ప్రసవమునకును నడుమ ఎట్లు మారినదో తెలుపు అంకె ఆ వరుసలలో కానరాదు. మాతా శిశు సంరక్షణ కార్డులో ప్రతి పరీక్ష నాటి హిమోగ్లోబిన్ వ్రాయుటకు గడి ఉన్నది. ఆ గడులను కూర్చి చూచుటకు క్రొత్త యంత్రములు అక్కరలేదు. అయితే నెలతప్పిన నాలుగైదు మాసములకు రక్తములోని ద్రవభాగము పెరిగి హిమోగ్లోబిన్ సహజముగనే కొంత తగ్గును. దానిని మందు వైఫల్యముగ నెంచక, నెలను బట్టి పోల్చవలెను.

ఉన్నత పాఠశాలలలో వారమునకొక నీలిమాత్రను ఉపాధ్యాయుల యెదుట వేయించు పథకము గలదు. అచ్చటను పట్టీలో పడు గుర్తు మాత్రకే గాని బాలిక రక్తమునకు గాదు.